మన్ననూరు గేటు నుంచి దోర్నాల దాకా: శ్రీశైలం రోడ్డు ఎప్పుడు పడింది?

డిండి_వాగు

అందరికీ నమస్కారం. మా నాయనమ్మ పుట్టిల్లు అమ్రాబాద్ దగ్గర ఒక పల్లె. ఆమెకు ఇప్పుడు ఎనభై అయిదు దాటాయి. మొన్న శివరాత్రికి టీవీలో శ్రీశైలం చూపిస్తుంటే, పెళ్లికి ముందు తాను పుట్టిలో, అంటే గుండ్రటి బుట్ట పడవలో, కృష్ణ దాటి మల్లన్న దర్శనానికి వెళ్లానని చెప్పింది. అడవిలో రెండు రోజులు నడిచారట. దారి చూపిన చెంచు పెద్దాయన అందరికంటే ముందు నడుస్తూ, మధ్య మధ్య ఆగి చెవి ఒగ్గి వినేవాడట. చివర ఏటి ఒడ్డున పుట్టి ఎక్కి, అవతల పాతాళగంగ మెట్లు ఎక్కారట.

నేను చిన్నప్పటి నుంచి బస్సులోనే వెళ్లాను. తుక్కుగూడ, కందుకూరు, కడ్తాల్, ఆమనగల్లు, వెల్దండ, కొట్ర, డిండి, హాజీపూర్, మన్ననూరు, ఆ తర్వాత అడవి. ఈ రోడ్డు ఎప్పటి నుంచో ఉందనే అనుకునేవాణ్ని. నాయనమ్మ మాట విన్నాక అనుమానం వచ్చింది. అసలు హైదరాబాదు నుంచి శ్రీశైలానికి నేరుగా రోడ్డు ఎప్పుడు పడింది? అంతకుముందు జనం ఎలా వెళ్లేవారు? తెలిసినవారు రాయండి.

కందనూరు_పాఠకుడు

మంచి ప్రశ్న వేశారు. మీ నాయనమ్మ గారు చెప్పింది నిజం. హైదరాబాదు నుంచి నేరుగా వచ్చే రోడ్డు పాతది కాదు. యాత్ర వేల ఏళ్లది కావచ్చు, ఈ రోడ్డు మాత్రం శ్రీశైలం ఆనకట్ట కడుపున పుట్టింది.

కాశీయాత్ర చరిత్ర రాసిన ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి, దారిలో శ్రీశైలం చూశారు. ఆత్మకూరు వైపు నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా కొండ ఎక్కారు. ఇప్పటికీ ఉగాదికి, శివరాత్రికి కన్నడ భక్తులు కాలినడకన వచ్చేది ఆ దారినే. శ్రీశైలం చూశాక ఆయన వెళ్లాల్సింది హైదరాబాదుకు. ఈనాటి పటం ముందు పెట్టుకుంటే మనమేం చేస్తాం? ఉత్తరంగా ఏరు దాటి మన్ననూరు మీదుగా వెళ్లిపోతాం. ఆయన అలా వెళ్లలేదు. వచ్చిన దారినే మళ్లీ ఆత్మకూరుకు దిగి, ఆ వైపున కృష్ణ దాటి, వనపర్తి, జడ్చర్ల మీదుగా హైదరాబాదు చేరారు. మేనాలు, బోయీలు, సామాను అన్నీ ఉన్న మనిషి అంత చుట్టు తిరిగారంటే, నేరు దారి అలాంటి ప్రయాణానికి పనికొచ్చేది కాదనే అర్థం.

పెద్ద కారణం ఏరు. నల్లమలలో కృష్ణ లోతైన లోయలో పారుతుంది. రెండో కారణం, ఆ ఏరే సరిహద్దు. ఉత్తరపు గట్టు నిజాందీ. దక్షిణపు గట్టు కందనూరు (అంటే కర్నూలు) నవాబుదీ, నవాబు పదవి పోయాక కుంఫిణీదీ (ఈస్టిండియా కంపెనీదీ), చివరికి మద్రాసు ప్రభుత్వానిదీ. ఏరు అవతల పరాయి రాజ్యం ఉంటే అడవి నరికి రోడ్డు వేసి వంతెన కట్టాలని ఎవరికి పడుతుంది?

పాత_స్టీరింగు

నేను ఇరవై రెండేళ్లు ఈ రూటులో బస్సు నడిపి రిటైరయ్యాను. చరిత్ర నాకు తెలియదు. రోడ్డు మాత్రం కళ్లు మూసుకున్నా కనిపిస్తుంది.

కొట్ర దాకా మామూలు రోడ్డే. డిండి దగ్గర గాలి మారుతుంది. ఎండాకాలం అయితే అక్కడ కిటికీలు తెరిచేవారు. డిండి చెరువు నిజాం కాలంలో 1940ల్లో కట్టింది. వాన గట్టిగా పడితే ఆ చుట్టుపక్కల రోడ్డుకు ఎప్పుడూ భయమే. 2025 అక్టోబరులో మొంథా తుపాను వానలకు డిండి దగ్గర రోడ్డు తెగిందని విన్నప్పుడు నాకు ఆశ్చర్యం అనిపించలేదు, బాధ అనిపించింది.

మన్ననూరులో అటవీశాఖ గేటు రాత్రి 9కి వేస్తారు, పొద్దున 6కు తీస్తారు. తెల్లవారుజామున గేటు ముందు నిలబడ్డ రోజులు లెక్కే లేదు. చలికాలంలో లారీల వాళ్లు టైరు ముక్కలు కాల్చి చలి కాచుకునేవారు. పొగ వాసన బస్సులోకి వచ్చేది. టీ కొట్టులో పాలు పొంగే చప్పుడు కూడా వినిపించేంత నిశ్శబ్దం. ఆరు కాగానే గార్డు కంబళి కప్పుకునే వచ్చి తాడు విప్పేవాడు. బొంగు చివర రాయి కట్టి ఉండేది. ఆ రాయి కిందికి దిగుతుంటే బొంగు మెల్లగా పైకి లేచేది. మొదటి బండి నాదైతే చుట్టుపక్కల ఎవరూ లేని అడవిలోకి వెళ్తున్నట్టు ఉండేది. హారను కొట్టబుద్ధి అయ్యేది కాదు.

అసలు పని ఈగలపెంట దాటాకే. అక్కడి నుంచి ఏటి దాకా దిగుడు. రెండో గేరులోనే దిగాలి. బ్రేకు మీద కాలు పెట్టి దిగితే సగం దారిలోనే లైనింగు కాలిన వాసన వస్తుంది. కొత్తగా వచ్చిన డ్రైవర్లకు నేను చెప్పింది ఒకటే: దిగేటప్పుడు ఇంజనుతో ఆపు, బ్రేకుతో కాదు.

సున్నిపెంట_పిల్లాడు

పాత స్టీరింగు గారూ, మీ బస్సులో నేను ఎన్నిసార్లు ఎక్కానో! నేను పుట్టి పెరిగింది సున్నిపెంట ప్రాజెక్టు కాలనీలో. మా నాన్న ఆనకట్ట పనిలో చేరి అక్కడే రిటైరయ్యారు.

కందనూరు పాఠకుడు గారు చెప్పింది సరైనది. శ్రీశైలం ప్రాజెక్టుకు నెహ్రూ శంకుస్థాపన చేసింది 1963 జులై 24న. 1980ల తొలి ఏళ్లకు కానీ పని ఒక కొలిక్కి రాలేదు. 512 మీటర్ల పొడవు, 145 మీటర్ల ఎత్తు, 12 గేట్లు. అంత సిమెంటు, ఇనుము, యంత్రాలు అడవి మధ్యకు చేరాలంటే ముందు రోడ్లు కావాలి. మా నాన్న మాటల్లో, ఆనకట్ట కంటే ముందు కట్టింది ఆనకట్టకు వెళ్లే దారి.

చాలామంది ఆనకట్ట మీదుగా ఏరు దాటుతామని అనుకుంటారు. అది నిజం కాదు. రోడ్డు వెళ్లేది ఆనకట్టకు దిగువన లింగాలగట్టు దగ్గర కట్టిన వంతెన మీదుగా. గేట్లు ఎత్తిన రోజుల్లో ఆ వంతెన మీద నిలబడితే తుంపర ముఖాన కొడుతుంది. జనం అందరూ అక్కడే ఆగి ఫోటోలు తీసుకోవడంతో బండ్లు గంటల తరబడి కదలవు. 2009 అక్టోబరు వరదల్లో కాలనీలో ఎవరం నిద్రపోలేదు. పెద్దవాళ్లు ఏటి హోరు వింటూ ఆరుబయట కూర్చున్నారు. ఆ హోరులో తేడా వస్తే తెలుస్తుందని వాళ్ల నమ్మకం.

ఇంకో సంగతి. డిండి వాగు గారి నాయనమ్మ ఎక్కిన మెట్లలో కింది వరస ఇప్పుడు నీళ్ల అడుగున ఉంది. పాతాళగంగ ఆనకట్టకు ఎగువన ఉంది కాబట్టి, ఇప్పుడు మనం స్నానం చేసేది జలాశయం నీళ్లలో. ఎండాకాలం నీటిమట్టం బాగా తగ్గితే కొన్ని పాత మెట్లు బయటికి వస్తాయి. బురద పట్టి, అంచులు అరిగి ఉంటాయి.

డిండి_వాగు

ఇది చదివి నాయనమ్మకు చెప్పాను. మెట్లు మునిగాయని ఆమెకు తెలియదు. కాసేపు మాట్లాడలేదు.

అచ్చంపేట_టీచరు

మా వైపు మాట కూడా వినండి. శ్రీశైలానికి నాలుగు ద్వారాలంటారు: తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. ఆ ఉత్తర ద్వారం మా అచ్చంపేట పక్కన రంగాపూర్ దగ్గర కొండ మీద ఉంది. కాబట్టి రోడ్డు లేదు కానీ దారి ఉంది. అడవిలో నడిచేవారికి, దారి తెలిసినవారికి.

ఆ దారి తెలిసినవారు చెంచులు. మల్లన్న మా ఇంటి అల్లుడని చెంచులు చెప్పుకుంటారు. చెంచు పిల్లను పెళ్లాడాడు కాబట్టి చెంచు మల్లయ్య. 1940లో హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త అమ్రాబాద్ గుట్టల మీద చెంచుల మధ్య ఉండి వాళ్ల జీవితాన్ని రాసుకున్నాడు. అప్పటికి అక్కడ చెంచులకు వాళ్ల పెంటలే ఊళ్లు. పెంట అంటే చెంచుల చిన్న గూడెం. ఈ రోడ్డు మీద ఊళ్ల పేర్లు చూడండి: దోమలపెంట, ఈగలపెంట, సున్నిపెంట. అవతల దోర్నాల, ఆత్మకూరు మధ్య రోళ్లపెంట. ఈ పేర్లు వింటేనే ఇక్కడ ముందు ఎవరున్నారో తెలుస్తుంది.

ఈ మధ్య దోమలపెంటకు బ్రహ్మగిరి అని, ఈగలపెంటకు కృష్ణగిరి అని పేర్లు మార్చారు. నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. దోమ, ఈగ అంటే చిన్నతనంగా తోచి ఉండవచ్చు. కానీ గిరి అనే పేర్లు దేశంలో ఎక్కడైనా దొరుకుతాయి. పెంట అనే మాట మన నల్లమలది. మైలురాయి మీద ఆ మాట చెరిపేస్తే, చెంచులు ఆ నేలకు పెట్టుకున్న గుర్తును చెరిపేసినట్టే. మా బడిలో చెంచు పిల్లలు పేర్లు రాసేటప్పుడు నేను పాత పేరే రాయిస్తున్నాను.

పాత_స్టీరింగు

టీచరమ్మా, మీరు చెప్పింది అక్షరాలా నిజం. కండక్టరు ఇప్పటికీ ఈగలపెంట అనే కేకేస్తాడు.

మార్కాపురం_పలక

ఎంతసేపూ హైదరాబాదు వైపు సంగతేనా? శ్రీశైలానికి మొదట మోటారు బండ్లు ఎక్కింది దోర్నాల వైపు నుంచే. మా తాతగారు మార్కాపురంలో పలకల వ్యాపారం చేసేవారు. ఆనకట్ట పని మొదలు కాకముందే దోర్నాల నుంచి బస్సులో శ్రీశైలం వెళ్లానని చెప్పేవారు. అప్పుడు మార్కాపురం, దోర్నాల అన్నీ కర్నూలు జిల్లాలోనే ఉండేవి. ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు, 1970లో, మా తాలూకా అటు వెళ్లింది. కాబట్టి కర్నూలు జిల్లా వాళ్లకు, కోస్తా వాళ్లకు శ్రీశైలం ద్వారం దోర్నాలే.

దోర్నాల నుంచి సుమారు యాభై కిలోమీటర్లు. చిన్నారుట్ల, పెద్దారుట్ల, తుమ్మలబైలు దాటాక శిఖరం వస్తుంది. శిఖరం చూస్తే పునర్జన్మ లేదంటారు కదా, ఆ దర్శనం దొరికేది ఈ దారిలో వచ్చినవారికే. తర్వాత హాటకేశ్వరం, సాక్షి గణపతి. సాక్షి గణపతి దగ్గర మనం వచ్చామని చెప్పుకుంటే, ఆయన పుస్తకంలో రాసుకుని కైలాసంలో సాక్ష్యం చెబుతాడట. క్షేత్రానికి ఒక్కో మెట్టూ ఎక్కుతూ వెళ్లినట్టు ఉంటుంది. హైదరాబాదు వైపు నుంచి వచ్చేవారు ముందు కరెంటు తీగలు, పవర్ హౌస్ బోర్డులు చూస్తారు, తర్వాత దేవుణ్ని చూస్తారు.

ఇప్పుడు ఈ మొత్తం దారికి ఒకటే నంబరు, జాతీయ రహదారి 765. హైదరాబాదు నుంచి శ్రీశైలం, దోర్నాల మీదుగా మా వైపు తోకపల్లి దగ్గర 565లో కలుస్తుంది. అంతకుముందు రాష్ట్ర రహదారి. నంబరు మారింది కానీ అడవిలో రోడ్డు వెడల్పు మారలేదు.

కందనూరు_పాఠకుడు

పలక గారూ, కరెంటు తీగల మాట కొంచెం కష్టం కలిగించింది, అయినా దోర్నాల విషయంలో మీదే సరి. మెట్ల సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. పద్నాలుగో శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబలానికి మెట్లు కట్టించాడు. ఆ రోజుల్లో రాజు వేసే రహదారి అంటే మెట్లే. చక్రం ఎక్కలేని చోటికి మనిషి కాలు ఎక్కడానికి రాయి పరిచారు. 1677లో శివాజీ శ్రీశైలం వచ్చినప్పుడు కూడా క్షేత్రం చుట్టూ ఉన్నది అడవి, కాలిబాట, ఏరు.

సరిహద్దు గురించి నేను ముందు రాసినదానికి కొనసాగింపు ఒకటుంది. 1956 నవంబరు 1న రెండు గట్లూ ఒకే రాష్ట్రంలోకి వచ్చాయి. ఏడేళ్లకు శంకుస్థాపన జరిగింది. ఆ తర్వాతే ఈ వంతెన, ఈ రోడ్డు. 2014లో ఆ ఏరే మళ్లీ సరిహద్దు అయింది. ఎడమ గట్టున 900 మెగావాట్ల పవర్ హౌస్ ఒక రాష్ట్రానిది, కుడి గట్టున 770 మెగావాట్లది ఇంకో రాష్ట్రానిది. మధ్యలో వంతెన.

పులిజాడ

నేను అడవి పక్షాన మాట్లాడతాను. ఈ అడవి 1983 నుంచి పులుల రక్షణ ప్రాజెక్టులో ఉంది. రాష్ట్రం విడిపోయాక ఉత్తరపు భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వు అయింది, దక్షిణపు భాగం నాగార్జునసాగర్ శ్రీశైలం టైగర్ రిజర్వుగానే ఉంది. రెండింటి గుండా ఈ రోడ్డు పోతుంది. పులికి రాష్ట్రమూ తెలియదు, నంబరూ తెలియదు. రాత్రి గేటు వేసే ఆ తొమ్మిది గంటలే అడవి జంతువులకు మిగిలిన సమయం.

స్వచ్ఛందంగా పనిచేసే మిత్రులతో కలిసి వటవర్లపల్లి, ఫరహాబాద్ మధ్య చాలాసార్లు రోడ్డు పక్కన నడిచాను. ఒక ఉదయం తారు మీద ఆడ దుప్పి పడి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. పక్కన గుంట దగ్గర కూన నిలబడి మమ్మల్ని చూస్తోంది, పారిపోవడం లేదు. ఏ బండి కొట్టిందో తెలియదు. పగలు జరిగినది కాబట్టి గేటు కాపాడలేకపోయింది. దయచేసి అడవిలో నలభై దాటవద్దు. కోతులకు అరటిపళ్లు వేయవద్దు. పళ్ల కోసమే అవి రోడ్డు మీదికి వచ్చి బండ్ల కింద పడుతున్నాయి.

ఇప్పుడు మన్ననూరు నుంచి అడవి మీదుగా ఎత్తయిన వంతెన రోడ్డు కట్టాలనే ప్రతిపాదన ఉంది. స్తంభాల కింద జంతువులు తిరుగుతాయి, పైన బండ్లు రాత్రీ పగలూ పోతాయి అంటున్నారు. కట్టాక అలా ఉండవచ్చు. కట్టేటప్పుడు ఏళ్ల తరబడి అడవిలో పేలుళ్లు, యంత్రాలు, కూలీల గుడిసెలు ఉంటాయి కదా. ఆ కాలాన్ని అడవి ఎలా దాటుతుందో ఎవరైనా చెప్పండి.

మార్కాపురం_పలక

పులిజాడ గారూ, మీ బాధ అర్థమైంది. మా బాధ కూడా వినండి. మార్కాపురం, యర్రగొండపాలెం ప్రాంతాల నుంచి పెద్ద వైద్యం కోసం హైదరాబాదు వెళ్లేవారు ఎందరో ఉన్నారు. రోగిని కారులో తీసుకుని రాత్రి 9 దాటాక దోర్నాల చేరితే చుట్టు దారే గతి. నాలుగేళ్ల క్రితం మా మేనత్తను అలాగే చుట్టు తిప్పి తీసుకెళ్లాం. ఆమె బతికింది, కానీ ఆ రాత్రి నేను మర్చిపోలేను. వంతెన రోడ్డు వస్తే కావాలనే నేను అంటాను.

పులిజాడ

అత్యవసరమైతే గేటు దగ్గర చెప్పండి, అంబులెన్సులను వదులుతారు. మీ మేనత్త గారు బాగున్నందుకు సంతోషం. అయినా నా అభిప్రాయం మారలేదు.

అచ్చంపేట_టీచరు

అడవిలో తవ్వకం అంటే మాకు కొత్త కాదు. యురేనియం కోసం నల్లమలను తవ్వుతారన్నప్పుడు జనం ఈ రోడ్డు మీదికే వచ్చారు. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ ఆ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది.

2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్సెల్బీసీ (శ్రీశైలం ఎడమ గట్టు కాలువ) సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్న రోజు కూడా మరువలేం. ఆ తర్వాత వారాల తరబడి సైన్యం బండ్లు, అంబులెన్సులు, గని కార్మికుల బండ్లు ఈ రోడ్డు మీదే పోయాయి. మా బడి పిల్లలు గోడ దగ్గర నిలబడి, ఒక్కో అంబులెన్సు దాటినప్పుడల్లా బతికారా అని నన్ను అడిగేవారు. ఎక్కడెక్కడి నుంచో పొట్టకూటికి వచ్చిన మనుషులు. రోడ్డు చరిత్ర రాసేటప్పుడు వాళ్లను కూడా రాయాలి.

సున్నిపెంట_పిల్లాడు

అవును టీచరు గారూ. 2020 ఆగస్టులో ఎడమ గట్టు పవర్ హౌస్‌లో మంటలు లేచి తొమ్మిది మంది పోయినప్పుడు కూడా అంతే. కాలనీల్లో పెరిగినవాళ్లకు ఆ సైరన్ చప్పుడు వేరుగా వినిపిస్తుంది.

డిండి_వాగు

అందరికీ ధన్యవాదాలు. ఇన్ని సంగతులు తెలుస్తాయని అనుకోలేదు. చివరికి నాయనమ్మను తీసుకుని వెళ్లొచ్చాం. అందుకే ఆలస్యంగా రాస్తున్నాను.

మన్ననూరులో ఆరు గంటలకు గేటు దాటాం. పాత స్టీరింగు గారు చెప్పిన రాయి కనిపిస్తుందేమోనని చూశాను, ఇప్పుడు ఇనుప గేటు ఉంది. నలభై దాటలేదు. వటవర్లపల్లి దగ్గర మల్లెలతీర్థం బోర్డు చూసి, అటు వైపు నడిచిన గుర్తుందని నాయనమ్మ చెప్పింది. ఆ తర్వాత నిద్రపోయింది. ఘాటు దిగేటప్పుడు నేను రెండో గేరులోనే దిగాను.

వంతెన మీద ఆపకూడదు కాబట్టి మెల్లగా పోనిచ్చి లేపాను. ఆనకట్ట చూసింది. అది ఎంత పెద్దదో అడగలేదు. ఏరు దాటేశామా అని అడిగింది. దాటేశామన్నాను. ఇంత తొందరగానా అంది.

పాతాళగంగకు రోప్‌వేలో దిగాం. నీళ్లు బాగా తగ్గి ఉన్నాయి. సున్నిపెంట పిల్లాడు గారు చెప్పినట్టే కింద కొన్ని మెట్లు బయటపడ్డాయి. నాయనమ్మ చెప్పులు విప్పి, నా భుజం పట్టుకుని ఒక్క మెట్టు దిగింది. బురద కాలికి అంటుకుంది. చాలు అంది.

మార్కాపురం_పలక

చదువుతుంటే కళ్లు చెమ్మగిల్లాయి. పెద్దావిడకు నా నమస్కారాలు చెప్పండి. ఈసారి వచ్చేటప్పుడు వెనక్కి వెళ్లకుండా శిఖరం మీదుగా దోర్నాల వైపు దిగండి. రాత్రి మా ఇంట్లో ఉండవచ్చు. గేటు వేసే లోపు దాటేలా చూసుకోండి.

డిండి_వాగు

తప్పకుండా వస్తాం. దీపావళి సెలవుల్లో అనుకుంటున్నాం. శిఖరం ఎప్పుడు చూపిస్తావని నాయనమ్మ ఇప్పటికే రెండుసార్లు అడిగింది.